గోదాములో విద్యార్థుల ప్రదర్శన: మనం చూస్తున్నది కృతినా, గోడనా?

ప్రశ్న: రామంతాపూర్ వాసి

నమస్కారం. మా అమ్మాయి హైదరాబాదులో బి.ఎఫ్.ఎ. (లలితకళల డిగ్రీ) పెయింటింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఫిబ్రవరిలో ఇంటిల్లిపాదీ కొచ్చి వెళ్లి అక్కడ విడతలుగా జరిగే పెద్ద కళా ప్రదర్శన బినాలే చూసి రావాలనుకున్నాం. 2025 డిసెంబరు 12న మొదలైన ఈ ఆరో విడత 2026 మార్చి 31 వరకు కాబట్టి తేదీలతో చిక్కు లేదు. చిక్కంతా మాకున్న రెండు రోజులను ఎలా పంచుకోవాలన్న దగ్గరే వచ్చింది. నిఖిల్ చోప్రా, గోవాకు చెందిన హెచ్.హెచ్. ఆర్ట్ స్పేసెస్ బృందం క్యూరేట్ చేసిన, అంటే కృతులను ఎంచి కూర్చిన, ప్రధాన ప్రదర్శనకే ఆ రెండు రోజులూ చాలవని మిత్రులు అంటున్నారు. అమ్మాయి మాత్రం ముందు కొచ్చిలోనే ఉన్న మట్టాంచేరి వెళ్లి విద్యార్థుల కృతులు పెట్టే స్టూడెంట్స్ బినాలే చూడాలని, ప్రధాన ప్రదర్శనలో చూడగలిగినంత చూసి మిగిలింది వదిలేద్దామని పట్టుబడుతోంది.

నేను వాణిజ్యశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ణి. చిత్రకళతో నా పరిచయం అమ్మాయి కాలేజీలో చేరాకే మొదలైంది. నిరుడు వాళ్ల కాలేజీ వార్షిక ప్రదర్శనకు వెళ్లినప్పుడు, బల్లలు పక్కకు జరిపిన తరగతి గదిలో, ట్యూబ్‌లైటు కింద పెట్టిన బొమ్మలు చూశాను. ఏది నిలబడిందో, ఏది తేలిపోయిందో నాబోటివాడికి కూడా కొంత అర్థమైంది. ఆ తర్వాత ఒక పాత మిల్లు షెడ్డులో కొందరు విద్యార్థులు తామే పూనుకుని పెట్టిన ప్రదర్శనకు వెళితే, అక్కడ నాకు అన్నీ అద్భుతంగానే కనిపించాయి. పెచ్చులూడిన గోడ, తుప్పు పట్టిన దూలం, రేకుల సందుల్లోంచి పడే ఎండ ఉన్నచోట ఒక తెల్లగుడ్డ వేలాడదీసినా అది ఏదో గంభీరమైన మాట చెబుతున్నట్టే ఉంటుంది. నాకు నచ్చింది ఆ గుడ్డా, ఆ షెడ్డా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కొచ్చిలో అన్నీ సుగంధద్రవ్యాల గోదాములేనని విన్నాక ఈ సందేహం మరింత పెరిగింది.

అందుకని అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. ఇలాంటి చోట్ల విద్యార్థుల కృతులను శిక్షణ లేని ప్రేక్షకుడు ఎలా చూడాలి? అక్కడ నిలబడి ఉండే పిల్లలను ప్రశ్నలు అడగవచ్చా, అడిగితే ఏమి అడగాలి? డెబ్బై దాటిన మా అమ్మగారు కూడా వస్తున్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ భవనాల్లో ఎంతవరకు తిరగగలరు?

జవాబు: వైపిన్ రేవు

రామంతాపూర్ వాసి గారూ, మాది కాకినాడ. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా ఎర్నాకుళంలో ఉంటున్నాను. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ రెండు రోజుల ఏర్పాటు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మట్టాంచేరి గోదాములు మనుషులు తీరిగ్గా తిరగడానికి కట్టినవి కావు, మిరియాలు, అల్లం, పసుపు, బియ్యం బస్తాలు నిల్వ చేయడానికి కట్టినవి. వీధి వైపు సరుకు దించుకునే గుమ్మం, వెనక కాయలు (సముద్రంతో కలిసే ఉప్పునీటి జలాలను ఇక్కడ అలా అంటారు) వైపు సరుకును పడవలోకి ఎక్కించే గుమ్మం, మధ్యలో పొడవాటి చీకటి గదులు, పైకి నిటారుగా చెక్క మెట్లు ఉంటాయి. గడపలు ఎత్తుగా ఉంటాయి. మేడ మీది నేల చెక్కపలకలది కాబట్టి పలకల మధ్య సందుల్లో చేతికర్ర దిగబడే ప్రమాదం ఉంది. మీ అమ్మగారిని కింది అంతస్తుల వరకు తీసుకెళ్లి, ఒక మడత కుర్చీ వెంట ఉంచుకుంటే ఆవిడ నిశ్చింతగా చూడగలుగుతారు. 2022–23 విడతలో స్టూడెంట్స్ బినాలేను ఒకే కప్పు కింద పెట్టలేదు. వి.కె.ఎల్. గోదాము, కె.వి.ఎన్. ఆర్కేడ్, అర్మాన్ భవనం వంటి చోట్ల విడదీసి పెట్టారు. ఒకచోటి నుంచి మరోచోటికి బజార్ రోడ్డు మీదుగా వెళ్లాలి. ఆ రోడ్డు ఇరుకైనది, ఇప్పటికీ టోకు వ్యాపారం నడుస్తున్నది. మీరు నడుస్తున్నప్పుడే లారీలోంచి బస్తాలు దింపుతుంటారు. పెద్దావిడకు ఆటో మాట్లాడుకోవడమే మేలు.

ఏది ముందు చూడాలన్న విషయంలో నా ఓటు మీ అమ్మాయికే. పొద్దున తెరవగానే మట్టాంచేరి వెళ్లండి. మధ్యాహ్నమయ్యేసరికి పెంకుల కప్పు కింద ఉక్క పెరిగి, చూపు కృతుల మీంచి ఫ్యాను ఎక్కడుందా అన్న దాని మీదికి పోతుంది. ఇంకో సంగతి ఏమిటంటే, పేరున్న కళాకారులు హాలంతా నింపి పెట్టిన భారీ ఇన్‌స్టలేషన్లు చూసి, అలసిన కళ్లతో సాయంత్రం విద్యార్థుల దగ్గరికి వెళితే, అక్కడి చిన్న కాగితం బొమ్మలకు మీ దగ్గర మిగిలే ఓపిక అరనిమిషం కూడా ఉండదు. అదే పొద్దున్నే చూస్తే వాటికి దక్కవలసిన సమయం దక్కుతుంది. ఎర్నాకుళంలో దిగితే హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో ఎక్కి ఫోర్ట్ కొచ్చి చేరవచ్చు. రోడ్డు దారిలో వంతెనల మీద ఇరుక్కోవడం కన్నా ఇది సుఖం. మధ్యాహ్నం భోజనానికి మట్టాంచేరిలోనే ఉంటే కాయీస్ బిర్యానీ ఉండనే ఉంది.

గోడ సంగతికి వస్తే, ఒక చిన్న చరిత్ర గుర్తు చేయాలి. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కళాకారుల చొరవతో 2012 డిసెంబరు 12న తొలి బినాలే మొదలైనప్పుడు, గోదాములు అందంగా ఉన్నాయని ఎవరూ వాటిని వెతుక్కుంటూ రాలేదు. అంత పెద్ద ప్రదర్శనకు సరిపడే మ్యూజియం కొచ్చిలో లేదు. ఎర్నాకుళంలోని దర్బార్ హాలు వంటి కొద్దిపాటి గ్యాలరీలే ఉన్నాయి. మరోపక్క, ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఓడరేవు ఇంజనీరు రాబర్ట్ బ్రిస్టో ఆధ్వర్యంలో కాయలు లోతు చేసి, తవ్వి తీసిన మట్టితో విల్లింగ్‌డన్ ద్వీపం సృష్టించాక ఓడల రాకపోకలు అటు మళ్లాయి. ఇటు ఒడ్డున ఉన్న వర్తక భవనాల్లో చాలావాటికి క్రమంగా పని తగ్గింది. 1867లో మొదలైన ఆస్పిన్‌వాల్ కంపెనీ ఆవరణ కూడా అలాంటిదే. కళ గోదాముల్లోకి వచ్చింది ఖాళీ చోటు వెతుక్కుంటూనే. 2014లో, జితీశ్ కల్లాట్ క్యూరేటర్‌గా రెండో విడత జరిగినప్పుడు, దేశంలోని ప్రభుత్వ కళా కళాశాలల విద్యార్థులకు చోటివ్వాలని స్టూడెంట్స్ బినాలే మొదలుపెట్టారు. మహమ్మద్ అలీ గోదాము వంటి భవనాలు వాళ్ల వాటాకు వచ్చాయి. ఫోర్ట్ కొచ్చి వైపు కాస్త బాగుచేసిన భవనాలు ప్రధాన ప్రదర్శనకు వెళితే, విద్యార్థులకు మరికాస్త పాతవి, మరికాస్త లోపలివి దక్కాయని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అది ఒకవిధంగా వాళ్లకు మేలే చేసింది.

జవాబు: రాతిపొడి

నేను శిల్పం చదువుకున్నాను. చదువుకునే రోజుల్లో ఒక విడత స్టూడెంట్స్ బినాలేలో నా వర్క్ కూడా పెట్టారు. రామంతాపూర్ వాసి గారి సందేహం న్యాయమైనదే గానీ, లోపలి నుంచి చూసినవాడికి గోడ సాయం చేసేదిగా కనిపించదు. ప్రేక్షకుడికి అది అందమైన నేపథ్యం కావచ్చు. మాకు మాత్రం అక్కడున్నన్నాళ్లూ దానితో పోరే సరిపోయింది.

ముందుగా మేకు సంగతి చెబుతాను. పాత సున్నపు గోడలో మేకు సరిగ్గా దిగదు, దిగినా బరువు మోయదు, పైగా చాలా చోట్ల గోడను తాకవద్దనే షరతు ఉంటుంది. ప్రదర్శన ముగిశాక యజమానికి గోడ ఎలా తీసుకున్నామో అలాగే అప్పగించాలి. అందువల్ల కాన్వాసులు దూలాల నుంచి సన్నని ఉక్కుతీగలతో వేలాడతాయి, లేదా చెక్కతోనో ఇనుపగొట్టాలతోనో చేసిన చట్రాల మీద గోడకు జానెడు దూరంలో నిలబడతాయి. గోడకు ఎడంగా బొమ్మలు తేలుతున్నట్టు కనిపించే ఆ దృశ్యాన్ని క్యూరేటర్ ఆలోచనగా మెచ్చుకున్నవారిని నేను చూశాను. దాని వెనక ఉన్నది మేకు దిగని గోడ.

తర్వాతిది గాలి. కాయలు పక్కనే ఉన్న భవనంలో తేమకు చేత్తో చేసిన కాగితం అంచులు మొదటి వారంలోనే పైకి లేస్తాయి. బొగ్గుతో వేసిన బొమ్మకు మెరుగు తగ్గి, అక్కడక్కడ బూజు మచ్చలు వస్తాయి. ఇనుము వాడినవాళ్లకు తుప్పు కొత్త రంగులు వేసి పెడుతుంది. ఫిబ్రవరిలో మీరు చూడబోయేది డిసెంబరులో పెట్టిన కృతి కాదని ముందే అనుకోండి. రెండు నెలల ఉప్పుగాలి కూడా దాని మీద చేయి చేసుకుని ఉంటుంది. కొందరు దాన్ని ముందే లెక్కలోకి తీసుకుని పని చేస్తారు, కొందరు పాపం అక్కడికి వచ్చాకే తెలుసుకుంటారు.

మూడోది, ఎవరూ గమనించనిది, రైలు. విద్యార్థి కృతి ఏ సైజులో ఉంటుందన్నది చాలాసార్లు స్లీపర్ బెర్తు కింద ఏది పడుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కాన్వాసును చుట్టి పి.వి.సి. గొట్టంలో పెట్టి, రెండు చివర్లూ ప్లాస్టిక్ కవరుతో మూసి టేపు చుట్టి, శబరి ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద తోసుకుని వెళ్లినవాళ్లం మేము. అందుకే విద్యార్థుల ప్రదర్శనల్లో చిన్న ముక్కలు ఎన్నో కలిపి పెద్దవిగా పరిచినవి ఎక్కువగా కనిపిస్తాయి. ముప్ఫై చిన్న పలకలు సంచిలో పడతాయి, ఒక పెద్ద పలక పట్టదు. నా మట్టుకు నేను రాయి మోసుకెళ్లలేక అక్కడి పాత పెంకులతోనే పని చేశాను.

ఇక మీరు అడిగిన అసలు విషయం, కృతిని గోడ నుంచి ఎలా విడదీసి చూడాలన్నది. మీరు చెప్పిన ఆ తరగతి గదినే కొలబద్దగా వాడుకోండి. ఏదైనా కృతి మిమ్మల్ని ఆపితే, దాన్ని ఆ ట్యూబ్‌లైటు కింద, జరిపిన బల్లల మధ్య ఊహించుకోండి. అక్కడ కూడా నిలబడితే అది సొంత కాళ్ల మీద నిలబడినట్టే. అక్కడ నిలబడకపోతే మాత్రం వెంటనే కొట్టివేయవద్దు, ఎందుకంటే కొన్ని కృతులు ఆ చోటుతోనే చేసినవై ఉంటాయి. వాటి విషయంలో, దీన్ని ఇంకే పాత గోదాములో పెట్టినా ఇలాగే ఉండేదా అని ఆలోచించండి.

మా విడతలో చూసిన రెండింటిని చెబితే ఇది స్పష్టమవుతుంది. ఒక అబ్బాయి తన కళాశాలలోనే కాల్చిన మట్టి తలలు తెచ్చి, ఉన్నవాటిలో చీకటి మూల చూసి వరసగా పేర్చి, పైన ఒకే బల్బు వేలాడదీశాడు. వచ్చినవాళ్లందరూ అక్కడ ఫొటోలు దిగారు. ఆ తలలను బయట ఎండలో పెడితే వాటిలో ఒకదానికీ మరోదానికీ తేడా లేదని తెలిసిపోయేది, చీకటి దాన్ని దాచింది. ఇంకో అమ్మాయి వచ్చిన రోజు నుంచి మేడ మీద మోకాళ్ల మీద కూర్చుని, పలకల మధ్య సందుల్లోంచి పాత టూత్‌బ్రష్షుతో దుమ్ము తీయడం మొదలుపెట్టింది. నల్లబడిన మిరియాల తొక్కలు, అల్లం పీచు, గోనె నూలు, తుప్పు పట్టిన బస్తా సూదులు అందులో దొరికాయి. వాటిని జల్లెడ పట్టి, రకాల వారీగా విడదీసి, తడి కాగితపు గుజ్జులో కలిపి, ఒక్కొక్క సందు పొడవుకు సరిపోయే పట్టీలుగా ఒత్తి, తీసిన చోటికి ఎదురుగా నేల మీదే పరిచింది. చూసేవాళ్లు వంగితే తప్ప అది కనబడదు. చాలామంది దాన్ని దాటుకుని వెళ్లిపోయారు. దాన్ని మరో గోదాముకు తీసుకెళితే కొలతలు కూడా సరిపోవు. మొదటిదాంట్లో గది పని చేసింది, రెండోదాంట్లో ఆ అమ్మాయి గదితో పని చేయించుకుంది.

పిల్లలను అడగవచ్చా అన్నారు. తప్పకుండా అడగండి, కానీ ‘దీని అర్థమేమిటి’ అని మాత్రం అడగవద్దు. పొద్దుట్నుంచి పదిమంది అదే అడిగి ఉంటారు, గోడ మీద రాసిన నాలుగు వాక్యాలే ఆ విద్యార్థి మీకూ అప్పజెబుతాడు. దేనితో చేశారు, మొదట అనుకున్నది ఇదేనా, ఇక్కడికి వచ్చాక ఏం మార్చుకోవలసి వచ్చింది అని అడిగితే మాట విడుతుంది. కృతి చేసినవాళ్లు ఫిబ్రవరి దాకా అక్కడే ఉండకపోవచ్చు, చాలామంది పరీక్షలకు వెనక్కి వెళ్లిపోతారు. అక్కడుండే వాలంటీర్లూ ఎక్కువమంది విద్యార్థులే. కృతి పక్కన పెట్టే చిన్న చీటీ మీద కళాశాల పేరు కూడా ఉంటుంది, అది తప్పక చదవండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలో, మాసబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమో కనబడితే ఆగి తెలుగులో పలకరించండి. ఇంటికి దూరంగా నాలుగు భాషల మధ్య నిలబడి ఉన్న ఆ పిల్లలు మీకు చెప్పేది ఇంకెవరికీ చెప్పరు.

జవాబు: థేమ్స్ దక్షిణం

నేను లండనులో ఉంటాను, కళారంగం మనిషిని కాను, ప్రదర్శనలు చూసే అలవాటు మాత్రం ఉంది. రాతిపొడి గారు చెప్పినవాటికి ఒక పాత ఉదాహరణ జోడిస్తాను. విద్యార్థులే క్యూరేటర్లుగా, గ్యాలరీ కాని చోట జరిగిన ప్రదర్శనల గురించి ఎక్కడ మాట్లాడుకున్నా ఇది ప్రస్తావనకు వస్తుంది.

1988 వేసవిలో లండనులోని గోల్డ్‌స్మిత్స్ కళాశాల రెండో సంవత్సరం విద్యార్థి, తర్వాత ప్రసిద్ధ కళాకారుడైన డేమియన్ హర్స్ట్, తోటివారితో కలిసి సర్రే డాక్స్ ప్రాంతంలో ఖాళీగా పడి ఉన్న పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ భవనంలో ‘ఫ్రీజ్’ అనే ప్రదర్శన పెట్టాడు. అందులో మొత్తం 16 మంది పాల్గొన్నారు. ఓడల వ్యాపారం తరలిపోయి రేవు ఖాళీ కావడం, ఆ ఖాళీలోకి విద్యార్థులు రావడం కొచ్చి కథను పోలినదే. పోలిక మాత్రం అక్కడితో సరి, ఎందుకంటే ఆ విద్యార్థులు గోడను దాచేశారు. భవనాన్ని కడిగి, గోడలకు తెల్లరంగు వేసి, అచ్చం గ్యాలరీలా తయారు చేశారు. అంతకు మూడేళ్ల ముందు, 1985లో, ఉత్తర లండనులో ఒక పాత రంగుల కర్మాగారాన్ని తెల్లని విశాలమైన గదులుగా మార్చి కళాకృతులు సేకరించే సంపన్నుడు చార్లెస్ సాచీ తెరిచిన గ్యాలరీ వాళ్ల కళ్ల ముందు ఉంది. శిథిలమైన గోడ చూపించి సానుభూతి సంపాదించాలని వాళ్లకు లేదు. తమను విద్యార్థులుగా కాక కళాకారులుగా చూడాలన్నదే వాళ్ల పట్టుదల. మ్యాట్ కొలిషా ఒక వైద్య పుస్తకంలోని తలగాయం ఫొటోను 15 లైట్‌బాక్సుల (లోపలి నుంచి వెలిగే పెట్టెల) మీద గోడంత పెద్దది చేసి పెట్టాడు. ఆన్యా గలాచియో సీసం కరిగించి నేల మీద పోసింది. హర్స్ట్ తన తొలి చుక్కల చిత్రాలను నేరుగా గోడ మీదే వేశాడు. కాబట్టి భవనం గొప్పతనంతో పని లేకుండా కూడా గోదాము ప్రదర్శన సాధ్యమేనని రామంతాపూర్ వాసి గారు గమనించాలి.

ఇంకో తేడా క్యూరేటర్ ఎవరన్న దాంట్లో ఉంది. ‘ఫ్రీజ్’లో ఎవరి కృతి ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది విద్యార్థులే తేల్చుకున్నారు. డాక్స్ అభివృద్ధి సంస్థ దగ్గర సాయం సంపాదించారు, స్థిరాస్తి సంస్థ ఒలింపియా అండ్ యార్క్ డబ్బుతో కేటలాగు ఖరీదుగా అచ్చు వేయించారు, ఉపాధ్యాయుడు మైకేల్ క్రెయిగ్-మార్టిన్ పరిచయాలను వాడుకుని పెద్దలను రప్పించారు. సాచీ వచ్చాడు, టేట్ గ్యాలరీ బాధ్యతలు చేపట్టబోతున్న నికొలస్ సెరోటా వచ్చాడు. కొచ్చిలో కృతులు విద్యార్థులవి, ఎంపిక మాత్రం బినాలే సంస్థ నియమించిన యువ క్యూరేటర్లది. వాళ్లు కళాశాలలకు వెళ్లి, విద్యార్థులతో మాట్లాడి ఎంచుతారు. 2022–23లో అఫ్రా షఫీక్, అంశు చుక్కి, ప్రేమ్‌జీశ్ ఆచారి వంటివారు ఆ పని చేశారు. నా ఉద్దేశంలో ఇది తక్కువ సాహసమే కానీ ఎక్కువ న్యాయం. లండనులో చదివేవాడికి సాచీని రప్పించే దారి ఉంటుంది, కడపలోనో ఇంఫాల్‌లోనో చదివే విద్యార్థికి ఆ దారి లేదు, ఎవరో ఒకరు అక్కడిదాకా వెళ్లవలసిందే.

మీరు చూసిన మిల్లు షెడ్డు ప్రదర్శన పిల్లలు తామే పూనుకుని పెట్టినదని రాశారు. నిజానికి ‘ఫ్రీజ్’కు దగ్గరగా ఉన్నది అదే. అలాంటివి రామంతాపూర్ చుట్టుపక్కల జరుగుతుంటే వాటిని వదిలేసి కొచ్చి ఒక్కదాని కోసమే ఎదురుచూడవద్దని నా మనవి.

జవాబు: కమాటీబాగ్ నీడ

గోడ గురించి ఇంత చర్చ జరిగింది గానీ, గోడ మీద అంటించే కాగితం గురించి ఎవరూ ఎత్తలేదు. నేను బరోడాలో చదివినవాణ్ణి. విద్యార్థుల ప్రదర్శనల్లో కృతిని మింగేసేది పెచ్చులూడిన సున్నం కాదు, దాని పక్కన ఉండే నాలుగు వందల మాటల వివరణ. స్మృతి, విస్థాపన, శరీరం, ప్రతిఘటన అన్న మాటలు లేకుండా ఒక్క పేరా సాగదు. చూసేవాడు ముందు అది చదివి, తర్వాత కృతిలో ఆ మాటలకు సాక్ష్యాలు వెతుక్కుంటాడు. ఆ రాత కూడా చాలావరకు విద్యార్థి సొంతం కాదు, ఎంపిక కావాలంటే ఎలా మాట్లాడాలో నేర్చుకున్న రాత. నా సలహా ఒక్కటే, ముందు చూడండి, చుట్టూ తిరగండి, ఆ తర్వాతే చదవండి. చదవకపోయినా నష్టం లేదు.

ప్రదర్శన కోసం రాసే రాత ఎప్పుడూ పనికిరానిదని మాత్రం నేను అనను. 1987లో మా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలోనే ‘క్వశ్చన్స్ అండ్ డైలాగ్’ అనే ప్రదర్శన జరిగింది. కె.పి. కృష్ణకుమార్ ముందుండి నడిపిన రాడికల్ బృందానిది అది. వాళ్లలో ఎక్కువమంది కేరళ నుంచి వచ్చినవారు. కళ మార్కెట్ సరుకుగా మారుతోందని నిలదీస్తూ ఆ ప్రదర్శన కోసం ప్రకటన రాసింది అంతకు కొన్నేళ్ల ముందు బరోడాలో కళావిమర్శ చదువుకున్న అనితా దూబే. కృష్ణకుమార్ మరణంతో 1989లో ఆ బృందం చెదిరిపోయింది. అదే అనితా దూబే 2018లో కొచ్చి బినాలేకు క్యూరేటర్ అయ్యారు, ఆ బాధ్యత చేపట్టిన తొలి మహిళ ఆవిడే. ఆ ప్రకటనతో ఏకీభవించనివారు కూడా దాన్ని చదివారు, ఎందుకంటే అందులో ఎవరిని వ్యతిరేకిస్తున్నారో స్పష్టంగా ఉంది. ఇప్పటి వివరణల్లో నాకు కనబడనిది అదే.

రామంతాపూర్ వాసి

అందరికీ ధన్యవాదాలు. మొదటి రోజు పొద్దున మట్టాంచేరి, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం ఫోర్ట్ కొచ్చి, రెండో రోజంతా ప్రధాన ప్రదర్శన అని నిర్ణయించుకున్నాం. అమ్మను మేడల జోలికి తీసుకెళ్లం, మడత కుర్చీ కొన్నాం. థేమ్స్ దక్షిణం గారు చెప్పిన తెల్లరంగు సంగతి అమ్మాయికి చెబితే, అది తప్పు నిర్ణయమని, ఆ గోడలు అలాగే ఉంచి ఉండాల్సిందని వాదించింది. కమాటీబాగ్ నీడ గారి మాటకు మాత్రం వెంటనే ఒప్పుకుంది, ఎందుకంటే నిరుటి వార్షిక ప్రదర్శనకు తన వివరణ కూడా సీనియర్లే దిద్ది ఇచ్చారట.

నాకు ఒక సందేహం మిగిలింది. రాతిపొడి గారు చెప్పిన దుమ్ము పట్టీల వంటి కృతిని నేనైతే కచ్చితంగా దాటుకుని వెళ్లిపోయి ఉండేవాణ్ణి. అలాంటివి తప్పిపోకుండా చూడడానికి పద్ధతేమైనా ఉందా? అమ్మాయి స్కెచ్‌బుక్ తెచ్చుకుంటానంటోంది, లోపల కూర్చుని గీయనిస్తారా?

రాతిపొడి

పెన్సిలుతో గీసుకుంటే ఎవరూ అభ్యంతరం పెట్టరు, తడి రంగులు మాత్రం బయటే ఉంచమనండి. మీ రెండు సందేహాలకూ జవాబు ఆ స్కెచ్‌బుక్కులోనే ఉంది. కృతిని మాత్రమే కాకుండా అది దేని మీద ఆనుకుని ఉందో కూడా గీయమని అమ్మాయికి చెప్పండి. తీగ దూలానికి ఎక్కడ ముడి పడింది, చట్రం కాలు పలకల సందులో జారకుండా కింద ఏం పెట్టారు, వెలుతురు రాకుండా నల్లగుడ్డ ఎలా బిగించారు, ప్రొజెక్టరు వైరు ఏ దారిన వెళ్లింది అన్నవి చూస్తూ పోతే, కళ్లు వాటంతటవే నేల మీదికి, కప్పు మీదికి, గుమ్మం వెనక్కి వెళతాయి. చూపు కళ్ల ఎత్తులోనే నిలబడిపోయినవాళ్లకే అలాంటి కృతులు తప్పిపోతాయి. వచ్చే ఏడాది తన వర్క్ ఎక్కడో ఒక షెడ్డులో పెట్టవలసి వచ్చినప్పుడు ఆ అమ్మాయికి కేటలాగు కన్నా ఆ ముడుల బొమ్మలే ఎక్కువ అక్కరకొస్తాయి. ఇక అమ్మగారు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటారు కదా, ఆవిడ పక్కనే కాయలు వైపు గుమ్మం తెరిచి ఉందేమో చూడండి. అక్కడ గాలి బాగా వస్తుంది.